జాగ్రత్త: ‘బాదం పిండి’ ప్యాకెట్ కొనేముందు వెనక్కి తిప్పి పట్టిక చదవండి

ముందువైపు ‘బాదం పిండి, గ్లూటెన్ ఫ్రీ, కీటోకి అనుకూలం’ అని పెద్దక్షరాలతో అచ్చేసిన ఒక కిలో ప్యాకెట్ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. గ్లూటెన్ అంటే గోధుమలో ఉండే ప్రొటీన్, కీటో అంటే కార్బోహైడ్రేట్లు బాగా తగ్గించి తినే పద్ధతి. వెనక పోషకాల పట్టికలో 100 గ్రాములకు కొవ్వు 25 గ్రాములు, కార్బోహైడ్రేట్లు 55, అందులో పీచు 6, ప్రొటీన్ 11 అని ఉంది. పదార్థాలు రాయాల్సిన చోట ‘బాదం మిశ్రమం’ అన్న రెండే మాటలు. ఆ పిండిని ఉడికించి అయోడిన్ చుక్క వేస్తే సిరా ఒలికినట్టు నల్లబడింది, అంటే స్టార్చ్ కలిసినట్టే. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ పేరు మూతపడితే ఇంకో పేరుతో అదే సరుకు వస్తుంది, కాబట్టి సరుకుని గుర్తుపట్టడం ఎలాగో తెలిస్తే ఎక్కువ ఉపయోగం.

ఆ అంకెలు ఎందుకు తప్పో చూడండి. బాదం బరువులో సగం నూనే. 100 గ్రాముల బాదంలో కొవ్వు 50 గ్రాముల దగ్గర, ప్రొటీన్ 21, కార్బోహైడ్రేట్లు పీచుతో కలిపి 21 లేదా 22, పీచు ఒక్కటే 10 నుంచి 12 ఉంటాయి. పొట్టు తీసి పొడి చేసినంత మాత్రాన కొవ్వు సగానికి పడిపోదు. 25 కనిపించిందంటే అందులో బాదం సగమే, మిగతా సగం టాపియోకా స్టార్చ్ (కర్రపెండలం పిండి) లాంటిది అని లెక్క సరిగ్గా సరిపోతుంది. అసలు బాదం పిండి 30 గ్రాములు వాడితే పీచు పోగా మిగిలే కార్బ్ సుమారు 3 గ్రాములు. ఈ ప్యాకెట్‌తో అది 15కి దగ్గరగా పోతుంది. కీటోలో రోజుకి 20 గ్రాముల కార్బ్ హద్దు పెట్టుకున్నవాళ్లకి రెండు ముక్కల కేక్‌తోనే లెక్క చెడిపోతుంది, ఎక్కడ తప్పు జరిగిందో వారాల తరబడి అంతుపట్టదు.

దీనికి తిరగేసిన మోసం కూడా ఉంది. నూనె పిండేశాక మిగిలిన బాదం చెక్కని ఆడించి ‘సూపర్ ఫైన్ బాదం పిండి’ అంటారు. పట్టికలో కొవ్వు 15 లోపు, ప్రొటీన్ 40 పైన కనిపిస్తే అదే. తినడానికి ప్రమాదమేమీ కాదు, కొందరికి కావలసింది అదే కూడా. కానీ మామూలు బాదం పిండి కొలతలతో చేసిన రెసిపీలో వేస్తే తడంతా పీల్చేసుకుని రంపపు పొట్టులా పొడిపొడిగా విరిగిపోతుంది. చెక్క పిండి అని చెప్పి అమ్మితే ఇబ్బంది లేదు, చెప్పకుండా అమ్మడమే దొంగతనం.

ఇంకో చిక్కు పట్టికలోనే దాగుంటుంది. అమెరికా లేబుళ్లలో మొత్తం కార్బోహైడ్రేట్ అంకెలో పీచు కలిసే ఉంటుంది, అందులోంచి పీచుని తీసేయాలి. యూరప్, ఆస్ట్రేలియా లేబుళ్లలో పీచు ముందే తీసేసి విడిగా చూపిస్తారు. అక్కడ మళ్లీ తీసేస్తే ఉన్న కార్బ్ లేనట్టు కనిపిస్తుంది. దిగుమతి సరుకు కొనేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే.

‘నట్ ఫ్లోర్’ అన్న మాట కూడా నమ్మదగింది కాదు. చెస్ట్‌నట్ పిండిలో ముప్పావు వంతు కార్బోహైడ్రేటే. టైగర్ నట్ అసలు గింజే కాదు, దుంప. జీడిపప్పు పొడిలో కార్బ్ 100కి 30 గ్రాములు, పీచు 3 మాత్రమే. లో ఫాడ్‌మ్యాప్ ఆహారంలో (కడుపుబ్బరం తెచ్చే కొన్ని రకాల కార్బోహైడ్రేట్లు తగ్గించే పద్ధతి) ఉన్నవాళ్లకి జీడిపప్పు, పిస్తా రెండూ పడవు, బాదం కూడా పది గింజల మోతాదు వరకే. కిడ్నీలో రాళ్లకి కారణమయ్యే ఆక్సలేట్ తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లు ఎంత మంచి బాదం పిండి అయినా దూరంగా ఉండాల్సిందే.

ప్యాకెట్ తెరిచాక చేసే పరీక్ష సులువు. ఒక టీ స్పూన్ పిండిని పావు కప్పు నీళ్లలో రెండు నిమిషాలు మరగించి పూర్తిగా చల్లార్చండి. వేడిగా ఉండగా రంగు తేలదు, చాలామంది తొందరపడి ‘బాగానే ఉంది’ అనుకునేది అందుకే. పైన తేరిన నీటిని తెల్ల ప్లేట్‌లో పోసి గాయాలకు వాడే అయోడిన్ రెండు చుక్కలు వేయాలి. పక్కనే ఇంట్లో దంచిన బాదం పొడితో అదే చేయండి, పోల్చి చూసుకోవడానికి. గోధుమరంగుగానే ఉండిపోతే స్టార్చ్ కలవలేదు. నీలి నలుపు తేలితే బియ్యప్పిండో, మొక్కజొన్న పిండో, టాపియోకానో, జీడిపప్పో కలిసింది. పరీక్ష చేసినది పారబోయండి, నోట్లో పెట్టకండి.

ఈ పరీక్షకి అందనివీ ఉన్నాయి. ఆప్రికాట్ గింజల పొడి, బాదం పొడి చూపుకి కవల పిల్లలే. వాసన కూడా దగ్గరే. చేదు ఆప్రికాట్ గింజలో ఉండే అమిగ్డాలిన్ అనే పదార్థం కడుపులో సయనైడ్‌గా విడిపోతుంది. కాబట్టి అయోడిన్ తగలని పొడి చిటికెడు నాలుక మీద వేసుకున్నప్పుడు చేదు తగిలితే ఉమ్మేసి, ప్యాకెట్ పక్కన పెట్టేయండి. తియ్య ఆప్రికాట్ గింజలు కలిపితే నాలుక్కి కూడా తెలియదు. పల్లీ పొడి కలిసిందో లేదో అయోడిన్ తేల్చి చెప్పదు. పల్లీ అలర్జీ ఉన్నవాళ్లు ఇంటి పరీక్షలను అస్సలు నమ్మకూడదు, విడిపొడి కొనకూడదు.

సీలియాక్ (గ్లూటెన్ తింటే పేగులు దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్ల సంగతి వేరు. గ్లూటెన్ ఫ్రీ అనడానికి కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల) హద్దు కిలోకి 20 మిల్లీగ్రాముల గ్లూటెన్. గోధుమ ఆడించే మరలోనే బాదం ఆడిస్తే ఆ హద్దు దాటడానికి పిసరంత దుమ్ము చాలు, ఆ పిసరు అయోడిన్‌కి దొరకదు. పదార్థాల్లో గోధుమ లేదని ఊరుకోకుండా, ‘గోధుమలు వాడే చోట తయారైనది’ అన్న చిన్న అచ్చు వెతకండి. అమ్మకందారుని బ్యాచ్‌వారీ పరీక్ష రిపోర్ట్ అడగండి. అఫ్లాటాక్సిన్ ఫలితం కూడా అందులోనే అడగొచ్చు, బూజు వల్ల వచ్చే ఆ విషం ఓవెన్ వేడికి పోదు. ‘మా సరుకు ప్యూర్ అండీ’ అన్న జవాబు రిపోర్ట్ కిందికి రాదు.

ఇంట్లో చేసుకుంటే సగం బెడద తప్పుతుంది, జాగ్రత్తగా చేస్తేనే. అరకిలో బాదం మరిగే నీళ్లలో వేసి సరిగ్గా ఒక నిమిషం ఉంచి, వెంటనే చల్లనీళ్లలోకి వంపండి. వేళ్ల మధ్య నొక్కితే పప్పు ఎగిరి బయటపడాలి. నిమిషం దాటితే తడి లోపలికి దిగుతుంది. గుడ్డ మీద రాత్రంతా ఆరబెట్టి, తర్వాత 60, 70 డిగ్రీల ఓవెన్‌లో గంటల తరబడి ఉంచాలి. టైం చూడకండి, పప్పు విరిచి చూడండి. పుటుక్కున విరగాలి, రబ్బర్‌లా వంగితే ఇంకా తడి ఉన్నట్టే. పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టి, జార్‌లో 100 గ్రాములకు మించకుండా వేసి ఒకటి రెండు సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పండి. ఏకధాటిగా తిప్పితే బ్లేడ్ వేడికి నూనె బయటికొచ్చి అడుగున ముద్ద కడుతుంది. ముద్దయ్యాక అది బటరే, ఎంత ఆరబెట్టినా మళ్లీ పిండి కాదు. ముద్ద కట్టకుండా చెంచా కార్న్‌ఫ్లోర్ వేయమనే సలహా ఒకటి తిరుగుతుంటుంది, కార్బ్ నియమం పాటించేవాళ్లకి అది గోతిలోకి దారి. జల్లెడ పట్టి, పైన మిగిలిన రవ్వని తర్వాతి వాయిలో కలపండి. గోధుమపిండి జల్లించే జల్లెడ మాత్రం వాడొద్దు, ఎంత కడిగినా ఆ కళ్లలో పిండి ఉండిపోతుంది.

పొట్టు, తరుగు పోగా అరకిలోకి సుమారు 450 గ్రాములు వస్తాయి. కప్పులతో కాకుండా తూకంతోనే వాడండి, వదులుగా పోసిన కప్పుకీ నొక్కి నింపిన కప్పుకీ చాలా తేడా. పొడి అయ్యాక గాలి తగిలే చోటు పెరిగి, నూనె త్వరగా కనరెక్కుతుంది. ఫ్రీజర్‌లో దాచండి. బయటికి తీశాక డబ్బా గది వేడికి వచ్చేవరకు మూత తీయకండి, లేకపోతే చెమ్మ పట్టి గడ్డ కడుతుంది. వాల్‌నట్ పొడి అన్నిటికన్నా ముందు పాడవుతుంది, ఏ వారానిది ఆ వారమే చేసుకోవడం నయం.

ఇప్పటికే ఇలాంటి ప్యాకెట్ కొన్నవాళ్లు పారేయకండి. ముందు, వెనక, బ్యాచ్ నంబర్ స్పష్టంగా ఫోటోలు తీసుకోండి. ఓ 100 గ్రాములు సీల్ చేసిన కవర్‌లో విడిగా ఉంచి, మిగతాది వాపసు పంపండి. మొత్తం వెనక్కి ఇచ్చేస్తే ఆహార భద్రత అధికారులకి ఫిర్యాదు చేసినప్పుడు చూపించడానికి నమూనా ఉండదు. ఆర్డర్‌ పేజీని కూడా అదే రోజు స్క్రీన్‌షాట్ తీయండి, ఫిర్యాదు వెళ్లగానే పేజీలో ‘బాదం పిండి’ కాస్తా ‘బాదం బేకింగ్ మిక్స్’గా మారిపోవచ్చు.