ఒక్క బోల్టు మీద తిరిగే ఫెన్స్

రూటర్‌ని (చెక్కలో గాడి తీసే మిషన్) టేబుల్ కింద తలకిందులుగా బిగించడం, ప్లేటు అమర్చడం, పొట్టు లాగే పైపు పెట్టడం అందరికీ తెలిసినవే. ఇంట్లో చేసుకున్న నా టేబుల్ గురించి చెప్పాలంటే ఫెన్స్ గురించే, అంటే చెక్కను ఆనించి తోసే అడ్డపట్టీ గురించే చెప్పాలి. అది ఒక కొసన బోల్టు మీద తిరుగుతుంది, రెండో కొసను సి-క్లాంప్‌తో బిగిస్తాను. అంతే. రెండు కొసలూ సమానంగా జరగాలని పట్టాలకీ స్కేళ్లకీ వేలు పోసేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది. రూటర్‌లో తిరుగుతూ కోసే బిట్ గుండ్రంగా ఉంటుంది కదా, దానికీ ఫెన్స్‌కీ మధ్య దూరం ఎంతన్నదే లెక్క. టేబుల్ అంచుకి ఫెన్స్ వంకరగా ఉన్నా పనిలో తేడా రాదు.

దీని విలువ పూజా మందిరం తలుపుల దగ్గర తెలిసింది. పక్క వాటా పిన్నిగారు టేకు ఫ్రేములో ప్లై పలక వేసిమ్మన్నారు. 6 ఎంఎం అని అమ్మిన ప్లై అంతకన్నా పల్చగానే ఉంది. పావంగుళం బిట్ ఏమో 6.35 ఎంఎం గాడి తీస్తుంది. ముక్క మీద తీసి చూస్తే పలక గలగలమంది. హారతి వేళ తలుపు అలా మోగితే పిన్నిగారు ఊరుకుంటారా? అందుకని సన్న బిట్ వేశాను. ఫెన్స్ కదిలే కొస వెనకాల ఒక చెక్క దిమ్మ బిగించి, రెండిటి మధ్యా పాత శుభలేఖ కత్తిరించిన ముక్కలు దొంతరగా పెట్టాను. ఒకసారి గాడి తీయడం, ఒక ముక్క లాగేసి ఫెన్స్ వెనక్కి ఆనించడం, మళ్లీ తీయడం. బిట్ సరిగ్గా నడిమధ్యలో ఉంది కాబట్టి కొస దగ్గర 1 ఎంఎం జరిగితే బిట్ దగ్గర అర ఎంఎమ్మే మారుతుంది. శుభలేఖ మందంలో సగం! చివరికి పలక బొటనవేలితో నొక్కితే దిగేంత బిగువుగా కూర్చుంది. అసలు ఇంత సన్నగా సర్దుకోవచ్చని ఈ ఫెన్స్ చేసినప్పుడు అనుకోలేదు.

ఒక్క జాగ్రత్త. గాడి వెడల్పు చేసేటప్పుడు ఫెన్స్‌ని వెనక్కే జరపాలి. ముందుకి జరిపి, ఎప్పటిలా కుడి నుంచి ఎడమకి తోస్తే బిట్ చెక్కను చేతుల్లోంచి లాక్కుపోతుంది.

మొదట్లో ఈ ఫెన్స్‌ని కనిపించినవాళ్లందరి దగ్గరా తెగ పొగిడాను. ఇప్పుడు కాస్త తగ్గించి చెబుతాను. ప్లైతో చేసిన మొదటి ఫెన్స్ వానాకాలంలో వంగింది, స్లైడింగ్ కిటికీలకి వాడే అల్యూమినియం సెక్షన్ వేశాక నిలబడింది. మామూలు ఇనప బోల్టు మన వైజాగ్ ఉప్పుగాలికి తుప్పు పట్టి తిరగడం మానేసింది, ఇప్పుడున్నది స్టెయిన్‌లెస్. క్లాంప్ బిగించేటప్పుడు కొస వెంట్రుకవాసి జరుగుతూనే ఉంటుంది, అందుకే ఆ దిమ్మ ఎప్పుడూ తీయను. టేబుల్ అంచుకి సమాంతరంగా జారుతూ చెక్కను పట్టి తోసే మైటర్ గేజ్ కూడా దీనికి పనికిరాదు. చెక్క కొసల మీద పని చేసేటప్పుడు, మూలమట్టంగా కోసిన వేరే దిమ్మ ఒకటి చెక్క వెనక పెట్టి ఫెన్స్‌కి ఆనించి తోస్తాను. వెనక ఆసరా ఉంటుంది కాబట్టి అంచు కూడా చిట్లదు.

రోజూ ఒకే కొలత బీడింగ్ తీసే షాపులకి ఇది అక్కర్లేదేమో, సైట్లు తిరిగే మేస్త్రికైతే టేబులే బరువు. నాది సెలవు రోజుల పని. భోజనాలయ్యాక పై ఫ్లాట్ వాళ్లు పడుకుంటారు, ఆలోపే మిషన్ ఆపేయాలి. కొలత పెట్టడానికే పొద్దంతా పట్టే ఫెన్స్ అయితే నాకు కుదరదు.