పతనం రోజున ఒక మదుపు యాప్ పనితీరు

షేర్లు పెరుగుతున్నంత కాలం ఏ మదుపు యాప్ అయినా బాగానే కనిపిస్తుంది. నేను వాడుతున్న ఒక బ్రోకరేజీ యాప్‌ను మాత్రం సూచీలు కుప్పకూలిన రోజున అది మదుపరిని ఎటు నడిపిస్తుందన్న కోణంలోనే ఇక్కడ సమీక్షిస్తున్నాను.

మార్కెట్ పడినప్పుడు యాప్ తెరిస్తే ఆ రోజు నష్టం ఎర్రటి అంకెల్లో సగం తెరను ఆక్రమిస్తుంది, దాని కిందే అమ్మకపు మీట ఉంటుంది. ఎప్పుడు, ఎంతకు కొన్నామో చూడాలంటే మాత్రం వెతుక్కోవాలి. 2020లో అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీ ఫిబ్రవరి 19 నుంచి మార్చి 23లోగా దాదాపు 34 శాతం పడి, ఆగస్టుకల్లా పాత గరిష్ఠాన్ని దాటింది. ఇలాంటి తెర చూసి అట్టడుగున అమ్మేసినవారికి కాగితం మీది నష్టం అసలు నష్టంగా మారింది. అలాగని యాప్ పంపే ‘ఓపిక పట్టండి’ సందేశమూ పూర్తి సలహా కాదు. జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబరు నాటి గరిష్ఠాన్ని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. ఒకే దేశపు షేర్లలో అంతా పెట్టినవారికి ఓపిక ఒక్కటే చాలదు.

స్టాప్‌లాస్‌ను, అంటే ధర ఫలానా స్థాయికి పడితే షేరును అమ్మేయమని ముందే ఇచ్చే ఆదేశాన్ని, ఈ యాప్ రక్షణ కవచంగా వర్ణించడం నాకు నచ్చలేదు. నిర్ణయించిన ధర తాకగానే అది మార్కెట్ ఆర్డరుగా మారి, కొనేవారు కరవైన క్షణంలో దొరికిన ధరకే షేరును వదిలించేస్తుంది. 2010 మే 6న అమెరికా మార్కెట్ నిమిషాల్లో కూలి లేచినప్పుడు కొన్ని షేర్లు ఒక్క సెంటుకు చేతులు మారాయి, అలాంటి లావాదేవీలను తర్వాత రద్దు చేయవలసి వచ్చింది. ఇంతకంటే తక్కువకు అమ్మవద్దని చెప్పే లిమిట్ ధర జోడించే వీలు యాప్‌లో ఉన్నా, దాని జాడ తెలిసేది ఓపికగా వెతికేవారికే; పైగా ఆ ధరకు కొనేవారు లేకపోతే షేరు అసలు అమ్ముడే పోదు.

నిజంగా మెచ్చుకోదగినది కేటాయింపుల పట్టిక. వందలో షేర్లకు 60, బాండ్లకు 40 పెట్టినవారికి షేర్లు 30 శాతం పడితే, బాండ్లు కదలలేదనుకుంటే (2022లో రెండూ కలిసే పడ్డాయి లెండి), మొత్తం 82కు, అందులో షేర్ల వాటా 51 శాతానికి దిగుతుంది. తిరిగి 60 శాతానికి రావాలంటే బాండ్లలోంచి ఏడు పైచిలుకు షేర్లలోకి మార్చాలని ఆ పట్టిక లెక్కగట్టి చూపుతుంది. భయంతోనో ఆశతోనో కాక, ముందే రాసుకున్న నిష్పత్తి ప్రకారం కొనేలా చేసే సదుపాయం యాప్ మొత్తంలో ఇదొక్కటే.

హెచ్చరికలు ఆపేసుకొని, ఆరు నెలల ఖర్చులకు వేరే సొమ్ము దాచుకొని, ఈ పట్టిక కోసం వాడేవారికి యాప్‌ను సిఫారసు చేస్తాను. అప్పు తీసుకొని షేర్లు కొనేవారికి చేయను. తాకట్టుగా ఉన్న షేర్ల విలువ తరిగి, అడిగిన అదనపు సొమ్ము కట్టలేకపోతే, వారి షేర్లను సంస్థే అమ్మేస్తుంది.