ఇల్లు మారే హడావుడిలో సీడీఎల్ స్కూల్లో చేరా, 5కి 3 స్టార్లు

కొలంబస్ దగ్గర ఒక ట్రక్ డ్రైవింగ్ స్కూల్లో క్లాస్ ఏ సీడీఎల్ (ట్రెయిలర్ తగిలించిన పెద్ద ట్రక్కులు తోలే కమర్షియల్ లైసెన్స్) కోర్సు చేశా. పేరు రాయట్లేదు, ఎందుకంటే యార్డ్‌లో నేర్పినోళ్లు బంగారం, తంటా అంతా ఆఫీసులో కూర్చున్నోళ్లతోనే. కదలకుండా ఒహాయోలోనే ఉండేవాళ్లయితే కళ్లు మూసుకుని చేరిపోండి, నాలాగా స్టేట్ మారే పనిలో ఉన్నోళ్లు మాత్రం కాస్త ఆగి చదవండి.

మా ఆవిడకి డల్లాస్‌లో జాబ్ వచ్చింది, ఇక్కడ లీజ్ ఆగస్టు 31తో అయిపోతుంది, 4 వారాల కోర్సే కదా అని జులై మొదట్లో వెళ్లి 4,800 డాలర్లు కట్టేశా. మధ్యలో మారాల్సొస్తే ఎలా అని డెస్క్ దగ్గర అడిగితే "ఏం కాదు, పర్మిట్ (లెర్నర్ లైసెన్స్) దేశమంతా చెల్లుతుంది, అక్కడికెళ్లి టెస్ట్ ఇచ్చెయ్యొచ్చు" అన్నారు. ఇది సగం నిజం, కొంప ముంచేది ఈ సగం నిజాలే. పక్కన సీడీఎల్ ఉన్న మనిషి కూర్చుంటే పర్మిట్‌తో వేరే స్టేట్‌లోనూ నడపొచ్చు, స్కిల్స్ టెస్ట్ (బండి తోలి చూపించేది) కూడా వేరే స్టేట్‌లో ఇవ్వొచ్చు, కానీ లైసెన్స్ ఇచ్చేది మాత్రం మనం కాపురం ఉండే స్టేటే. అంటే ఒహాయో పర్మిట్ పట్టుకుని టెక్సాస్‌లో దిగితే అక్కడ మళ్లీ పర్మిట్, మళ్లీ రిటన్ టెస్టులు, మళ్లీ 14 రోజుల వెయిటింగ్. పర్మిట్ చేతికొచ్చాక 14 రోజులు ఆగందే స్కిల్స్ టెస్ట్‌కి రానివ్వరు, అది ఫెడరల్ రూలు, ఎవర్ని బతిమాలినా లాభం లేదు.

ఈ ముక్క నాకు చెప్పింది ఆఫీసు కాదు, మా ఇన్‌స్ట్రక్టర్ పెద్దాయన. రెండో రోజు యార్డ్‌లో "టెస్ట్ పాసైన రోజు రాత్రి నువ్వు ఏ ఇంట్లో పడుకుంటావ్?" అని అడిగాడు, జోక్ అనుకున్నా. తర్వాత ఆయనే కూర్చోబెట్టి లెక్క వేయించాడు. మెడికల్ అయ్యాక జనరల్ నాలెడ్జ్, ఎయిర్ బ్రేక్స్, కాంబినేషన్ (ట్రెయిలర్ తగిలించిన బండ్లు) అనే మూడు రిటన్ టెస్టులూ రాసి పర్మిట్ తీసుకునేసరికి జులై 14. ఆ లెక్కన నెలాఖరుకే టెస్ట్ ఇవ్వొచ్చు, కానీ ఆఫీసు బుక్ చేసిన స్లాట్ ఆగస్టు 12. ఆరోజు ఫెయిలయ్యా, ప్రీ-ట్రిప్ (బయల్దేరే ముందు బండి చెకింగ్) బాగానే చెప్పా గానీ, పక్క లైన్లోకి వెనక్కి పెట్టే ఆఫ్‌సెట్ బ్యాకింగ్‌లో ట్రెయిలర్ నా మాట వినలేదు. మళ్లీ స్లాట్ ఎప్పుడంటే ఆగస్టు 27! రెండ్రోజులకోసారి ఫోన్ చేసి అడిగినా ముందుకు జరగలేదు, రెండు స్టార్లు ఇక్కడే కట్.

పిల్లల స్కూళ్లు మొదలవుతాయని ఆవిడా పిల్లలూ ముందే వెళ్లిపోయారు, నేను ఖాళీ ఫ్లాట్‌లో పరుపొక్కటి వేసుకుని లీజ్ ఇంకో నెల పొడిగించుకున్నా. అద్దె దండగే, కానీ 27న పాసయ్యాక ముందు కాగితం ఇస్తారు, అసలు కార్డు పోస్ట్‌లో ఇంటికొస్తుంది, అది వచ్చేదాకా ఆ అడ్రస్ ఉండాలి కదా. కార్డు వచ్చాకే బండెక్కా. టెక్సాస్‌లో 30 రోజుల్లోపు మార్చుకోవాలి, పాత కార్డు అక్కడ ఇచ్చెయ్యాలి (రెండు లైసెన్సులు ఉంచుకోకూడదు), మళ్లీ ట్రక్ తోలి చూపించమని అడగలేదు. అదే పర్మిట్‌తో వెళ్లుంటే అంతా మొదటికే.

ఆఫీసుని తిట్టా కాబట్టి ఒక మంచి కూడా చెప్పాలి, ట్రైనింగ్ పూర్తయిన వెంటనే ఫెడరల్ రిజిస్ట్రీలో ఎక్కించేశారు. 2022 ఫిబ్రవరి 7 నుంచి ఈఎల్‌డీటీ అనే ఈ ఎంట్రీ-లెవెల్ ట్రైనింగ్ లేకుండా కొత్తోళ్లకి టెస్ట్ లేదు, అది దేశమంతటికీ ఒకటే రికార్డు, స్టేట్ మారినా పోదు. కాబట్టి ఖర్మ కాలి మధ్యలో మారాల్సొచ్చినా కోర్సు డబ్బులు మాత్రం నీళ్లపాలు కావు.

పెద్దాయన మాట విని ఇంకో రెండు పనులు చేశా. హజ్‌మ్యాట్ (ప్రమాదకర సరుకు తోలే పర్మిషన్) జోలికి వెళ్లలేదు, దానికి వేలిముద్రలు, టీఎస్‌ఏ (రవాణా భద్రత చూసే ఫెడరల్ సంస్థ) చెకింగ్ ఉంటాయి, పైగా స్టేట్ మారేటప్పుడు దాని పరీక్ష 2 ఏళ్లలోపు పాసైనట్టో ట్రైనింగ్ అయినట్టో చూపించాలి, అదంతా డల్లాస్‌లో తీరిగ్గా చూసుకోవచ్చన్నాడు. రెండోది, స్కూల్లో ఉన్న ఒకే ఒక్క గేర్ల బండి మీద టెస్ట్ ఇచ్చా, ఆటోమేటిక్ మీద ఇస్తే లైసెన్స్ మీద 'E' అనే రిస్ట్రిక్షన్ (గేర్ల ట్రక్ తోలకూడదని) పడుతుంది, అది తీయించుకోవాలంటే మళ్లీ టెస్టే. ఆ ముసలి బండి క్లచ్ తొక్కీ తొక్కీ వారం రోజులు మోకాలు పట్టేసింది, అది వేరే కథ.

డల్లాస్ వచ్చి, కార్డు మార్చుకుని, కంపెనీ ఓరియెంటేషన్‌లో కూర్చున్న రోజు ఆ స్కూల్ ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది, మీకు టెస్ట్ స్లాట్ బుక్ చెయ్యమంటారా అని.