‘81 శాతం మెరుగు’ అన్న రిపోర్టు నమ్మి ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాం

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు ఉండే తెలుగువాళ్ళలో ఎవరైనా పిల్లల కంటికి విజన్ థెరపీ (కంటి వ్యాయామాలు, గేములతో చేసే చికిత్స) ప్యాకేజీ తీసుకోబోతుంటే, డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి. సెంటర్ పేరు రాయడం లేదు. ఇలాంటి రిపోర్టులు ఇచ్చేవాళ్ళు ఇంకెక్కడైనా ఉండొచ్చు, అందుకే రిపోర్టు సంగతే చెబుతున్నాను.

మా గుంటడికి అప్పుడు ఆరేళ్ళు. బడిలో పిల్లలందరి కళ్ళూ చూసినప్పుడు వీడికి కుడి కన్ను సరిగా ఆనడం లేదన్నారు. మేం అప్పటిదాకా గమనించనే లేదు. ఎడమ కన్ను బాగుంది కాబట్టి వాడి ఆటా పాటా మామూలే, ఒక్కరోజు కూడా తలనొప్పి అనలేదు. తెలిసినవాళ్ళు చెబితే బరంపురంలోనే ఒక థెరపీ సెంటర్‌కి తీసుకెళ్ళాం. కౌంటర్‌లో అమ్మాయి మా మాట వినగానే “తెలుగువాళ్ళా? మాది ఇచ్ఛాపురమేనండి” అంది. అంతే, మా ఆయన సగం పడిపోయారు. ఒడియాలో అయితే తడుముకుంటూనైనా నాలుగు ప్రశ్నలు అడిగేవాళ్ళం. తెలుగులో మాట్లాడుతున్నారు కదా అని ఒక్కటీ అడగలేదు.

లేజీ ఐ అన్నారు, అంటే ఒక కంటి చూపుని మెదడు సరిగా వాడుకోకపోవడం. కళ్ళద్దాలు అక్కర్లేదు, బాగున్న కంటిని పట్టీతో మూసి రెండోదానికి పని పెట్టక్కర్లేదు, కంప్యూటర్ గేములతోనే నయమైపోతుందన్నారు. 40 సెషన్లకి 28,000 రూపాయలు, ముందే కట్టాలి. అద్దాలు లేకుండా అనే మాట మాకు తేనెలా వినిపించింది, దాచుకోవడం ఎందుకు.

పది సెషన్లకోసారి రంగురంగుల గ్రాఫ్ ఇచ్చేవారు. మొదట 35 శాతం, తర్వాత 58, మూడోసారి 81. కింద ‘కుడి కన్ను 6/12’ అని రాసి ఉంది, అంటే మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివేది వీడు 6 మీటర్ల నుంచి చదువుతాడని. కింది అంకె ఎంత పెద్దదైతే చూపు అంత తక్కువ. ఆ కాగితం అమ్మమ్మకి వాట్సాప్‌లో పెట్టి మురిసిపోయాను.

అనుమానం వచ్చింది బాత్రూమ్ దగ్గర. వాడికి స్నానం చేయిస్తుంటే ఒంటికి సబ్బు రాసుకుంటూ ఏదో పాటలా పాడుతున్నాడు. “ఇ... ఎఫ్ పి... టి ఓ జెడ్... ఎల్ పి ఇ డి... పి ఇ సి ఎఫ్ డి...” ఏంట్రా అది అంటే, “అక్కడ గోడమీద ఉంటుంది కదమ్మా, నాకు మొత్తం వచ్చు” అన్నాడు. అక్షరాల చార్ట్! వారం వారం అదే చార్ట్, అదే వరస, పైనుంచి కిందికి. ఎడమ కన్ను వాడి అరచేత్తోనే మూసుకోమనేవారు. వేళ్ళ సందుల్లోంచి చూస్తే ఎవరికి తెలుస్తుంది? ఆ 81 శాతం దేనిదని మర్నాడు ఫోన్ చేసి అడిగితే, గేములో ఎన్ని లెవెల్స్ దాటాడో దాని లెక్క అన్నారు. గేము రోజూ ఆడితే ఎవరికైనా లెవెల్స్ పెరుగుతాయి. కంటికీ దానికీ సంబంధం ఏంటి?

రైలెక్కి విశాఖ వెళ్ళాం. అక్కడ కంటి ఆసుపత్రిలో ముందు ఎడమ కంటికి ప్లాస్టర్ అంటించేశారు, సందు లేకుండా. అక్షరాల వరస మార్చి మార్చి చూపించారు. తర్వాత కంట్లో మందు చుక్కలు వేసి గంటసేపు కూర్చోబెట్టారు. పిల్లల కంటి కండరం గట్టిగా బిగబట్టి పవర్‌ని దాచేస్తుందట, చుక్కలు పడితే ఆ కండరం సడలి అసలు పవర్ బయటపడుతుందట. చీకటి గదిలో కంట్లోకి లైటు వేసి, ముందు అద్దాలు మారుస్తూ చూశారు, వాడు నోరు విప్పాల్సిన పనే లేదు. కుడి కంటికి ప్లస్ 4.50, ఎడమ కంటికి ప్లస్ 1. అంత తేడా ఉంటే మసకగా కనిపించే కన్నుని మెదడు పక్కన పెట్టేస్తుందని డాక్టరమ్మ చెప్పారు. ఆ అద్దాలు పెట్టి చూసినా కుడి కన్ను 6/24 దగ్గరే ఆగిపోయింది. మా రిపోర్టులో 6/12! ఈ చుక్కల పరీక్ష బరంపురం సెంటర్‌లో ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా చేయలేదు.

థెరపీ అంతా మోసం అనడం లేదు. దగ్గర వస్తువు మీద రెండు కళ్ళూ కలవని పిల్లలకి అది పనిచేస్తుంది. 2008లో అమెరికాలో 9 నుంచి 17 ఏళ్ళ 221 మంది పిల్లల మీద చేసిన ట్రయల్‌లో, క్లినిక్‌లో 12 వారాలు థెరపీ చేసినవాళ్ళలో 73 శాతం మందికి గుణం కనిపించింది. అక్కడ కూడా కొలత గేము స్కోరు కాదు, బొమ్మ ఎన్ని సెంటీమీటర్ల దగ్గర రెండుగా చీలుతోందనేది ఒక కొలత. లేజీ ఐకి రోజుకో గంట ఐప్యాడ్ గేము, రెండు గంటల పట్టీ పోల్చి 385 మంది పిల్లల మీద 2016లో ఒక ట్రయల్ ఫలితం వచ్చింది. గేము పట్టీని మించలేదు.

కాబట్టి మొదటి రోజే అడగండి: ఏ కన్ను ఎంత, అద్దాలతోనా లేకుండానా, ఏ చార్ట్, ఎంత దూరం. అంకెల్లో, తేదీతో, కాగితం మీద. తర్వాత ప్రతిసారీ అవే కొలతలు, అదే పద్ధతిలో, అక్షరాల వరస మాత్రం మార్చి. చుక్కలు వేసి చూశారా అన్నది అన్నిటికంటే ముందు అడగాల్సింది. మా ఫైల్లో మొదటి రోజు కొలత అనేదే లేదు, ‘లేజీ ఐ’ అని రెండు ముక్కలు రాసి వదిలేశారు. మొదలెక్కడో తెలియకుండా 81 శాతం ఎలా లెక్కగట్టారో ఆ దేవుడికే తెలియాలి.

ఇప్పుడు అద్దాలు పెట్టాం. ఆరు వారాలకి అద్దాలతోనే 6/18 వచ్చింది. ఆ తర్వాత ఎడమ కంటికి రోజుకి రెండు గంటలు పట్టీ. వాడిలాంటి మధ్యరకం కేసుల్లో రెండు గంటలు కట్టినా ఆరు గంటలు కట్టినా ఫలితం ఒకటేనని 2003లోనే తేలిందట, అది విని ప్రాణం లేచొచ్చింది. వంటింట్లో ఒడియా క్యాలెండర్ మీద పట్టీ వేసిన రోజుకి టిక్కు, ఏడ్చి పీకేసిన రోజుకి సున్నా. మొన్న చూపిస్తే 6/12, ఈసారి నిజంగా.

డబ్బు వెనక్కి అడిగితే, మిగిలిన ఆరు సెషన్లు మీ పాపకి వాడుకోండి అన్నారు. పాపకి రెండేళ్ళు. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాం. జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లో రెండేళ్ళలోపు కేసు వేయొచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. బిల్లు, మూడు రిపోర్టులు, విశాఖ చీటీ జిరాక్సులు తీయించాను. సోమవారం వెళ్ళి ఇచ్చి వస్తాం.