అల్టిమేట్ డైమండ్ సీడీ: హినాటా గొంతు కోసం కొంటే

నరుటో అనే జపాన్ యానిమే (కార్టూన్ సిరీస్) చూసినవాళ్ళకి మిజుకి నానా అంటే అందులో హినాటా పాత్రకి గొంతిచ్చినావిడ. మాట పూర్తయ్యేలోపే సగం గాలైపోయే గొంతు. 2009 జూన్‌లో వచ్చిన ఆవిడ ఆల్బమ్ ‘అల్టిమేట్ డైమండ్’లో ఆ గొంతు కోసం వెతక్కండి. చిన్నప్పట్నుంచీ ఎన్‌కా అనే పాతకాలపు జపాన్ పాటల పద్ధతి నేర్చుకున్న గాయని ఆవిడ. ఎన్‌కాలో స్వరాన్ని సన్నగా తిప్పి వదలడాన్ని కొబుషి అంటారు, మన గమకానికి దగ్గరి చుట్టం. గిటార్లు, డ్రమ్ములు హోరెత్తుతున్నా ఆ తిప్పుడు చెవికి అందుతుంది. ఈ సీడీ కొనడానికి అదొక్కటి చాలు.

మనకి సునీత, చిన్మయి పాటా పాడతారు, డబ్బింగూ చెబుతారు. కానీ తెర మీద మొహం హీరోయిన్‌ది. జపాన్‌లో యానిమేకి గొంతిచ్చినవాళ్ళే స్టార్లు. అక్కడి అమ్మకాలు లెక్కగట్టే ఒరికాన్ వారపు ఆల్బమ్ చార్టులో ఒక వాయిస్ యాక్టర్ మొదటి స్థానానికి చేరడం ఈ ఆల్బమ్‌తోనే మొదలు. ఆ డిసెంబర్ 31న జపాన్ టీవీలో వచ్చే పాటల కార్యక్రమం కోహాకు వేదిక మీద ఆవిడ పాడిన ‘షిన్‌ఐ’ కూడా ఇందులోనే ఉంది. రాసింది ఆవిడే, బాణీ అగెమత్సు నొరియాసుది. మెల్లగా మొదలై పల్లవికి వచ్చేసరికి పైకి లేస్తుంది. పాటలో లైనుకీ లైనుకీ మధ్య ఊపిరి తీసుకునే చోట్లు గమనించండి, డైలాగ్ చెప్పే మనిషి అక్కడే దొరికిపోతుంది.

లోపమూ ఉంది. పాట గట్టిగా వినిపించాలని శబ్దాన్ని బాగా బిగించి పెట్టారు. బాస్ బూస్ట్ వేస్తే గొంతు గరగరలాడుతుంది, అది ఆపేయండి. అమీర్‌పేట మెట్రో రొదలో నెమ్మది పాటలు సగం పోతాయి. రాత్రి ఇంట్లో వినాల్సినవి.

ఆడియో సీడీకి రీజియన్ గొడవ (ఒక ప్రాంతపు డిస్కు ఇంకో ప్రాంతపు ప్లేయర్‌లో ఆడకుండా వేసే తాళం) లేదు, ఇక్కడి ప్లేయర్లలో ఆడుతుంది. ఆవిడ కాన్సర్ట్ డిస్కులు కూడా తెప్పించాలనుకుంటే మాత్రం చూసుకోండి: డీవీడీ జపాన్‌ది రీజియన్ 2, మనది 5. బ్లూరే వాళ్ళది ఏ, మనది సీ. కస్టమ్స్ సుంకం విడిగా కట్టాల్సి రావచ్చు, ఆ డబ్బు పక్కన పెట్టుకోండి.

ప్లేయర్ లేకపోతే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీలో యూఎస్‌బీ డీవీడీ రైటర్ కొని 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ ఫ్లాక్‌గా (సీడీ నాణ్యత తగ్గని ఫైల్) ఎక్కించుకోండి. పాటల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చండి, లేదంటే చాలా కార్ స్టీరియోల్లో డబ్బాలే కనిపిస్తాయి.

దారిలో ముందు విరిగేది పెట్టె మధ్యలో డిస్కుని పట్టుకునే పళ్ళు. అవి విరిగితే డిస్కు లోపల ఊగి గీతలు పడుతుంది. పార్సిల్ విప్పకముందే చెవి దగ్గర పెట్టి ఊపి చూడండి. గలగలమంటే, అమ్మినవాళ్ళకి చూపించడానికి విప్పడం మొత్తం వీడియో తీయండి.