యూకేలో చవక పాట్ టెస్టింగ్: ఆకుపచ్చ స్టిక్కర్ ఉందని నమ్మేయకండి

యూకేలో హోటళ్లు, టిఫిన్ సెంటర్లు, కిరాణా షాపులు నడుపుతున్నవాళ్లు, ఇళ్లు అద్దెకిచ్చినవాళ్లు, ఉగాదికీ దసరాకీ హాళ్లు బుక్ చేసే మన సంఘాలవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. "పాట్ టెస్టింగ్, ఐటమ్‌కి 45 పెన్నీలే, అదే రోజు సర్టిఫికెట్" అని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఫ్లయర్లు మీకూ వచ్చే ఉంటాయి. అలాంటి కంపెనీ ఒకటి మా టిఫిన్ సెంటర్‌కి వచ్చి అరవైకి పైగా వస్తువులకి పాస్ ఇచ్చి వెళ్లింది. అందులో ఒకటి ముట్టుకుంటే షాక్ కొట్టే గ్రైండర్. ఇంకొకటి అసలు మా షాపులోనే లేని మైక్రోవేవ్.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. ప్లగ్ పెట్టి వాడే కెటిల్, ఫ్రిజ్, మిక్సీ, ఎక్స్‌టెన్షన్ బోర్డు లాంటివాటిని కంటితో చూసి, మిషన్‌తో కొలిచి, బాగుంటే స్టిక్కర్ వేసి రిపోర్టు ఇవ్వడమే పాట్, అంటే పోర్టబుల్ అప్లయన్స్ టెస్టింగ్. ఇన్సూరెన్స్ వాళ్లు అడుగుతారు, షాపు ఓనర్ తరఫు ఏజెంట్ అడుగుతాడు, హాల్ వాళ్లయితే బయటి నుంచి తెచ్చే సౌండ్ సిస్టమ్‌కీ టీ బాయిలర్‌కీ కూడా అడుగుతారు. మమ్మల్ని ఇన్సూరెన్స్ రెన్యువల్ అప్పుడు అడిగారు.

వచ్చినతను కౌంటర్ మీద మిషన్ పెట్టి ముందున్న కెటిల్, టోస్టర్ దానికి తగిలించి చూశాడు. మిగతావాటికి స్టిక్కర్ల రోలు పట్టుకుని తిరగడమే. ఫ్రిజ్ ప్లగ్ వెనక ఉంది, జరపమంటారా అని మా అబ్బాయి అడిగితే అక్కర్లేదని ఫ్రిజ్ తలుపు మీదే స్టిక్కర్ అంటించాడు. వంటగది మొత్తం అరగంట లోపే అయిపోయింది. సాయంత్రానికి పీడీఎఫ్ వచ్చింది, అన్ని వరసల్లోనూ పాస్. ఇన్సూరెన్స్ వాళ్లకి పంపాం, వాళ్లూ తీసుకున్నారు.

కొన్ని వారాల తర్వాత ఒక రోజు పొద్దున్నే మా దోశ మాస్టర్ వచ్చి, "అక్కా, గ్రైండర్ జిల్లుమంటోంది, రబ్బరు చెప్పులు లేకుండా ముట్టుకోవద్దు" అన్నాడు. కోయంబత్తూరు వెట్ గ్రైండర్, స్టీల్ బాడీ, ఇండియా నుంచి కార్గోలో తెప్పించుకున్నది. ఇండియాలోనూ ఇక్కడా 230 వోల్టులే, 50 హెర్ట్జే కాబట్టి మోటారుకి ఇబ్బంది లేదు. ఇబ్బంది అంతా ప్లగ్‌తోనే. మన గుండ్రటి పిన్నుల ప్లగ్ ఇక్కడి సాకెట్లో పట్టదు కాబట్టి ఎవరో ఒకరు దాన్ని కోసి ఇక్కడి చదరపు పిన్నుల ప్లగ్ తగిలిస్తారు. ఆ తగిలించడం ఎలా జరిగిందో చూడాల్సింది పాట్ చేసేవాడే.

వెంటనే స్విచ్ ఆపి, బయటి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. ఆయన మా ముందే ప్లగ్ విప్పారు. లోపల ఆకుపచ్చ తీగ, అంటే ఎర్త్, స్క్రూ నుంచి ఊడి పక్కకి వేలాడుతోంది. రాగి పోగులు నల్లబడి ఉన్నాయి. ఇక్కడి పద్ధతిలో ఎర్త్ తీగని మిగతా రెండింటికన్నా కాస్త పొడవు వదలాలట, కేబుల్ ఎవరైనా గుంజినా అన్నిటికన్నా చివర ఊడేది అదే కావాలని. మా దాంట్లో అన్నిటికన్నా పొట్టిగా కోసింది అదే. కేబుల్‌ని బిగించి పట్టే క్లిప్పు కూడా వదులుగా ఉంది, గ్రైండర్ వంచి పిండి తీసిన ప్రతిసారీ ఆ లాగుడంతా తీగల మీదే పడుతోంది. ఫ్యూజు 13 ఆంపియర్లది. 700 వాట్ల లోపు వస్తువుకి మామూలుగా 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు, మా గ్రైండర్ మోటారు అందులో సగం కూడా ఉండదు. పైగా పిండి నీళ్లు మోటారు వైపు దిగి ఇన్సులేషన్, అంటే కరెంటు బాడీకి తగలకుండా ఆపే పొర, దెబ్బతింది. ఇలాంటి స్టీల్ బాడీ వస్తువుకి ఇన్సులేషన్ రీడింగు కనీసం 1 మెగాఓమ్ రావాలి, దీనికి అందులో సగం కూడా రాలేదు. మోటారు నుంచి బాడీకి కరెంటు లీకవుతోంది, దాన్ని లాక్కుపోవాల్సిన ఎర్త్ లేదు, కాబట్టి అది మాస్టర్ చేతి గుండా పోయింది. తడి నేల మీద నిలబడి పనిచేసే మనిషి. ఆయనకి ఏమీ కాలేదు కానీ ఆ రోజంతా నాకు చేతులు వణుకుతూనే ఉన్నాయి.

అదే ప్లగ్ మీద ఆకుపచ్చ పాస్ స్టిక్కర్ నిగనిగలాడుతోంది.

అప్పుడు పీడీఎఫ్ తెరిచి ఒక్కో వరస చదివాం. మీ దగ్గరున్న రిపోర్టు కూడా ఇలాగే చదవండి. గ్రైండర్ ఎదురుగా ఎర్త్ రీడింగు, అంటే ఎర్త్ దారిలో కరెంటుకి ఎంత అడ్డు ఉందో చెప్పే అంకె, 0.07 ఓమ్ అని ఉంది, అది ఎంత తక్కువుంటే అంత మంచిది. బాగానే ఉంది కదా అనుకుంటాం. ఫ్రిజ్‌కీ 0.07, మైక్రోవేవ్‌కీ 0.07, ఐదు మీటర్ల ఎక్స్‌టెన్షన్‌కీ 0.07! కేబుల్ పొడవు మారితే ఆ అంకె మారి తీరాలి, రెండు వస్తువులకి ఒకటే రావచ్చేమో గానీ కాలమ్ మొత్తం ఒకటే రాదు. ల్యాప్‌టాప్ చార్జరుకి, మా హ్యాండ్ బ్లెండరుకి కూడా ఎర్త్ రీడింగు వేశారు. వాటి మీద చదరంలో చదరం గుర్తు ఉంటుంది చూడండి, అది డబుల్ ఇన్సులేషన్ గుర్తు. బ్లెండరు లాంటి వస్తువులో ఎర్త్ తీగే ఉండదు, లేనిదాన్ని ఎలా కొలిచారో మరి. ఇక మైక్రోవేవ్ సంగతి: అది చెడిపోతే ఈ టెస్టింగ్‌కి చాలా ముందే పారేశాం. పాత లిస్టు ఏదైనా ఉంటే పంపమని వాళ్లే అడిగి తీసుకున్నారు, ఆ లిస్టులో పేరు ఉంది, పాస్ అయిపోయింది.

కంపెనీకి ఫోన్ చేస్తే, టెస్ట్ అయ్యాక ఎర్త్ ఊడి ఉంటుందన్నారు. ఊడవచ్చు, కాదనను. కానీ పొట్టిగా కోసిన తీగ, తప్పు ఫ్యూజు టెస్ట్ తర్వాత పుట్టుకు రాలేదు కదా, ప్లగ్ విప్పితే ఆ రోజే కనపడేవి. మైక్రోవేవ్ గురించి అడిగితే "క్లరికల్ ఎర్రర్" అన్నారు. తర్వాత, రివ్యూ పెట్టకపోతే డబ్బు వాపసు ఇస్తామని మెయిల్ పంపారు. మేం ఒప్పుకోలేదు.

అసలు 45 పెన్నీలకి ఈ పని ఎలా గిట్టుబాటవుతుందో ఒకసారి లెక్క వేయండి. 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవాళ్లకి ఇక్కడ కనీస వేతనం గంటకి 12 పౌండ్ల 21 పెన్నీలు ఉండేది. ఆ ఒక్క జీతం రాబట్టాలంటేనే గంటకి 27కి పైగా వస్తువులు చూడాలి, అంటే ఒక్కోదానికి రెండు నిమిషాల పైచిలుకు. వ్యాను, పెట్రోలు, పార్కింగు, ఇన్సూరెన్స్, మిషన్ కాలిబ్రేషన్ (అది సరిగ్గా కొలుస్తోందో లేదో పరీక్షించడం) ఖర్చులు ఇంకా కలపలేదు. ఆ రెండు నిమిషాల్లో వస్తువు ఆపాలి, ప్లగ్ తీయాలి, కేబుల్ పొడవునా తడిమి చూడాలి, ప్లగ్ విప్పి ఫ్యూజు చూడాలి, ఎర్త్ కొలవాలి, 500 వోల్టులు పెట్టి ఇన్సులేషన్ కొలవాలి, రాసుకోవాలి, తిరిగి పెట్టి నడుస్తోందో లేదో చూడాలి. కెటిల్‌కైతే కుదురుతుందేమో. గోడకి ఆనించిన ఫ్రిజ్‌కి చచ్చినా కుదరదు. ధర అంత తగ్గిందంటే పనిలో ఏదో ఒకటి ఎగ్గొట్టారనే. మా గ్రైండర్ చూసిన ఎలక్ట్రీషియన్ ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నాయన, ఈ రేట్లతో పోటీ పడలేక పాట్ పని దాదాపు మానేశానన్నారు. సరిగ్గా చేసేవాళ్లు తప్పుకుంటే మనకి మిగిలేది ఎవరో చెప్పక్కర్లేదు.

దీనికి లైసెన్సు అంటూ ఏమీ లేదు. ఆన్‌లైన్లో మిషన్, స్టిక్కర్ల రోలు కొనుక్కుని రేపటి నుంచి ఎవరైనా మొదలుపెట్టచ్చు. సిటీ అండ్ గిల్డ్స్ 2377 అని ఒక కోర్సు ఉంది, చాలామంది అది చేసి వస్తారు, కానీ చట్టం అడిగేది "పని తెలిసిన మనిషి" చేయాలని మాత్రమే.

చట్టం మాట వచ్చింది కాబట్టి, ఈ చవక కంపెనీలు భయపెట్టే ఇంకో తీరు కూడా చెప్పాలి. "ఏడాదికోసారి పాట్ చేయించకపోతే ఫైన్" అంటారు. అబద్ధం. 1989 నాటి ఎలక్ట్రిసిటీ ఎట్ వర్క్ రెగ్యులేషన్స్ చెప్పేది కరెంటు పరికరాలని ప్రమాదం లేకుండా మెయింటైన్ చేయాలని. పాట్ అనే పేరు గానీ, ఏటా చేయాలని గానీ, స్టిక్కర్ ఉండాలని గానీ అందులో లేదు. పని చోట్ల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ వాళ్లే తమ సైట్లో ఈ మాట స్పష్టంగా రాశారు. 2011లో ప్రొఫెసర్ లోఫ్‌స్టెడ్ ఆరోగ్య, భద్రతా నిబంధనల మీద ప్రభుత్వానికి ఇచ్చిన సమీక్షలో కూడా వ్యాపారాలు అవసరానికి మించి పాట్ చేయిస్తున్నాయని ఎత్తి చూపారు. ఈ పనిచేసేవాళ్లు పాటించే, ఐఈటీ అనే ఇంజనీర్ల సంస్థ వేసే కోడ్ ఆఫ్ ప్రాక్టీస్ 2020లో ఐదో ఎడిషన్‌కి వచ్చింది, అందులో "దీనికి ఇన్ని నెలలు" అనే పట్టిక తీసేసి, వాడకాన్ని బట్టి ప్రమాదాన్ని అంచనా వేసి గడువు పెట్టుకోమన్నారు. అంటే బల్ల మీద కదలకుండా ఉన్న కంప్యూటర్ మానిటర్‌కి ఏటా డబ్బు కట్టడం దండగ. రోజూ నీళ్లలో నానే గ్రైండర్‌ని మాత్రం తరచుగా చూడాలి. చవక కంపెనీలు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు: లెక్క పెరగడానికి మానిటర్లు, ఫోన్ చార్జర్లు అన్నీ లాగుతారు, అసలు చూడాల్సినదాని ప్లగ్ విప్పరు. ఒక్కటి మాత్రం నిజం. చట్టంలో లేకపోయినా మీ ఇన్సూరెన్స్ పాలసీలో గానీ షాపు లీజులో గానీ షరతుగా రాసి ఉండచ్చు, అది చదువుకోండి.

స్కాట్లండ్‌లో ఇల్లు అద్దెకిచ్చినవాళ్ల సంగతి వేరు. అక్కడ 2015 డిసెంబరు నుంచి ప్రైవేటు ఓనర్లు తాము ఇచ్చిన వస్తువులకి కనీసం ఐదేళ్లకోసారి పాట్ చేయించాల్సిందే. ఇంగ్లండ్‌లో 2020 రెగ్యులేషన్స్ ప్రకారం ప్రైవేటు ఓనర్లకి ఐదేళ్ల తనిఖీ గోడల్లోని వైరింగుకి. కానీ స్టూడెంట్లకి గదులు గదులుగా ఇచ్చి హెచ్‌ఎమ్‌ఓ (ఎక్కువమంది పంచుకునే అద్దె ఇల్లు) లైసెన్సు తీసుకున్నవాళ్లు వస్తువులు సురక్షితంగా ఉంచాలి, కౌన్సిల్ అడిగితే ఆ మేరకు రాసివ్వాలి. దొంగ రిపోర్టు చూసి రాసిస్తే సంతకం మీదే కదా.

మేం తర్వాత పిలిచినవాళ్లు ఐటమ్ లెక్క కాకుండా పూట లెక్కన తీసుకున్నారు, నాకైతే అదే నయమనిపించింది, పరుగులు పెట్టాల్సిన పని లేదు కాబట్టి. పిలిచే ముందు పాత కస్టమర్ పేరు తీసేసి ఒక శాంపిల్ రిపోర్టు పంపమని అడిగాం. అందులో రీడింగులు వస్తువుకో రకంగా ఉన్నాయి, ఫెయిల్ అయినవీ ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా ఒక్కటీ ఫెయిల్ చేయని మనిషిని నేను నమ్మను. మిషన్ కాలిబ్రేషన్ సర్టిఫికెట్, పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ కూడా అడిగాం, అడగ్గానే పంపారు. ఫ్యూజు మార్చడం, ప్లగ్ మార్చడం ధరలోనే ఉందా, విడిగా వేస్తారా అన్నది ముందే తేల్చుకోండి. ఊడదీసే కెటిల్ కేబుల్‌ని వేరే ఐటమ్‌గా లెక్కపెడితే గొడవపడకండి, అది మామూలే, కాకపోతే దాన్ని నిజంగా విడిగా టెస్ట్ చేయాలి.

చేస్తున్నప్పుడు పక్కన నిలబడండి. ఇన్సులేషన్ కొలిచేటప్పుడు వస్తువు స్విచ్ ఆన్‌లో ఉండాలి, ఆఫ్‌లో పెట్టి కొలిస్తే రీడింగు కేబుల్‌కే గానీ లోపలి మోటారుకి కాదు. ఈ ఒక్కటి గమనిస్తే చాలు, మనిషికి పని వచ్చో రాదో తెలిసిపోతుంది. మాకు ఈసారి నాలుగు ఫెయిల్ అయ్యాయి: గ్రైండర్, ఫ్రిజ్ వెనక ఎలుక కొరికినట్టున్న ఎక్స్‌టెన్షన్, లైవ్, న్యూట్రల్ పిన్నుల మీద ప్లాస్టిక్ తొడుగు లేని నకిలీ ప్లగ్ ఒకటి, ఇండియా మిక్సీకి పెట్టిన ట్రావెల్ అడాప్టరు. ఆ అడాప్టర్ల గురించి ఇంట్లో వాడుకునేవాళ్లూ వినండి: నాలుగు రోజుల ప్రయాణానికి చేసినవి అవి, రోజూ చట్నీ రుబ్బే మిక్సీకి కాదు. మంచి ఎలక్ట్రీషియన్ చేత ఇక్కడి ప్లగ్ వేయించుకోండి, ఐదు నిమిషాల పని.

సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థ ద్వారా, వ్యాపార మోసాలు చూసే ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కి ఫిర్యాదు ఇచ్చాం, పీడీఎఫ్, ప్లగ్ ఫోటోలు, సీసీటీవీ క్లిప్పు జతచేశాం. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా పాత సర్టిఫికెట్ చెల్లదని మేమే రాసి కొత్తది పంపాం. ఫిర్యాదు నడుస్తున్నంతకాలం కంపెనీ పేరు ఇక్కడ పెట్టను, కామెంట్లలో అడగకండి. మీ దగ్గరున్న రిపోర్టులో ఎర్త్ కాలమ్ మొత్తం ఒకే అంకె కనపడితే ముందు వంటగదిలో స్టీల్ బాడీ ఉన్నవాటి వాడకం ఆపి ప్లగ్గులు విప్పించండి, డబ్బు వాపసు సంగతి తర్వాత.