కళింగపట్నమా, బారువా? గాలిపటం మోసుకుని నాలుగు తీరాలు

రామేశ్వరంలో పది రోజులుండి కైట్ సర్ఫింగ్ నేర్చుకున్నాను, అంటే పెద్ద గాలిపటం లాగుతుంటే కాళ్ళ కింద బోర్డుతో నీళ్ళ మీద జారే ఆట. అక్కడ నేర్పేవాళ్ళు దిగే చోటు చెరువులా ఉంటుంది, పడితే నడుం లోతు. ఆ ధైర్యంతో మా సిక్కోలు సముద్రంలోనూ ఎగరేద్దామని మార్చి చివర్లో ఒకసారి, మే నెలలో ఒకసారి మా బావమరిదిని వెంటేసుకుని తిరిగాను. వాడికి ఈత రాదు. ఒడ్డున కైట్ పట్టుకునే మనిషి కావాలి కాబట్టి వాడే దిక్కు.

ముందు చింతపల్లి వెళ్ళాం, విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం. లైట్‌హౌస్, రాళ్ళు, ఫొటోలకు బ్రహ్మాండం. కానీ ఆ లైట్‌హౌస్ కట్టిందే సముద్రంలో రాళ్ళున్నాయని. స్కూబా చేసేవాళ్ళు ఆ రాళ్ళ కోసమే వస్తారు, నాకు మాత్రం వాటితో పనిలేదు. కైట్ తాళ్ళే ఇరవై మీటర్ల పైన పొడుగుంటాయి, ఒక్క తాడు రాయికి చుట్టుకుంటే చాలు. సంచీ విప్పకుండానే తిరిగొచ్చాం. భావనపాడులోనూ అంతే. హార్బరు గోడలు, పడవల రాకపోకలు చూసి టీ తాగి లేచాం.

కళింగపట్నం సంగతి వేరు. శ్రీకాకుళం నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే. ఇసుక వెడల్పుగా ఉంటుంది, కైట్ పరుచుకోవడానికి చోటుకు కరువు లేదు. ఇక్కడ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. సముద్రం వైపు తిరిగి నిలబడితే నైరుతి గాలి కుడి చెంప మీద తగులుతుంది. మాకు కావాల్సింది సరిగ్గా అదే. ఎదురుగాలైతే ఒడ్డుకే విసిరికొడుతుంది, వెనక నుంచి వీస్తే నడిసముద్రంలోకి లాక్కుపోతుంది, పక్క నుంచి వీచేదైతే వెళ్ళి రావచ్చు. అందుకే పొద్దున్నే దిగకూడదు. ఆ వేళ గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంటుంది. నీళ్ళు నున్నగా, ఊరించేలా కనిపిస్తాయి, అదే మోసం. మధ్యాహ్నం రెండు దాటాక చూసుకోవాలి. 12 నాట్లు, అంటే గంటకు 22 కిలోమీటర్ల గాలి ఉంటే నా 12 చదరపు మీటర్ల కైట్ లేస్తుంది. 20 నాట్లు దాటితే నాలాంటివాడు ఒడ్డున కూర్చుని ముంజలు తినడం మేలు.

ఒక చిక్కుంది. ఊరికి ఈశాన్యంగా వంశధార సముద్రంలో కలుస్తుంది. నైరుతి గాలికి మనం కొట్టుకుపోయేదీ అటే. లైట్‌హౌస్ దగ్గర దిగితే అరగంటలో ఏటి మొగ దగ్గర తేలతాం. అక్కడ ఏటి నీరు ఒకవైపు, అల ఒకవైపు. మేం దక్షిణంగా కిలోమీటరున్నర నడిచి, సరుగుడు తోపు లేని ఖాళీ చోట దిగాం. తోపు పక్కనైతే గాలి ఒక్క క్షణం చచ్చి, మరుక్షణం ఎత్తేస్తుంది. పైగా ఇక్కడి అల రామేశ్వరం అల కాదు, ఒడ్డు దగ్గరే లేచి నిలువునా కూలుతుంది. దాన్ని దాటడానికే మొదటి రోజు నాలుగుసార్లు ఇసుక మింగాను.

మేలో వెళ్తే తీరం రూపే మారిపోయింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం కదా, పడవలన్నీ ఒడ్డెక్కి ఉన్నాయి. మార్చిలో దిగిన చోట కాలు పెట్టే సందు లేదు. ఇంకాస్త దూరం నడిచాం. ఆ సాయంత్రమే దెబ్బ తగిలింది. ఫోన్లో యాప్ 14 నాట్లు చూపిస్తోంది, నేను హాయిగా ఉన్నాను. వలలు బాగుచేసుకుంటున్న ఒక తాత మా వాడితో, "మీ బావని రమ్మను బాబూ. ఆ పడమట మబ్బు సూసినావేటి? అది లేసిందంటే గాలి సముద్రంలోకి కొడతాది" అన్నాడట. మావాడు తువ్వాలు ఊపుతుంటే ఉత్సాహపరుస్తున్నాడనుకుని నేనూ చెయ్యి ఊపాను. వాడు రెండు చేతులూ ఎత్తి గంతులేశాక తిరిగొచ్చాను. కాళ్ళు ఇసుకకు ఆనగానే గాలి చచ్చింది, మరునిమిషం వెనక నుంచి చల్లగా తోసింది. కైట్ పట్టు వదిలించే క్విక్ రిలీజ్ లాగేశాను. కైట్ పోయి పడవ కొయ్యకు చుట్టుకుంది, జానెడు చిరిగింది. పది నిమిషాలు ఆలస్యమై ఉంటే చిరుగు గురించి రాసే అవకాశం ఉండేది కాదు. వేసవి సాయంత్రపు గాలివాన ఇక్కడ తరచూ వాయవ్యం నుంచే వస్తుంది, అంటే మనల్ని లోపలికే నెడుతుంది. యాప్ పక్కన పెట్టి పడమర చూడటం అప్పటి నుంచి అలవాటైంది.

బస శ్రీకాకుళంలో ఒక లాడ్జిలో. గది శుభ్రం, కానీ తడి కైట్ ఆరబెడితే మేనేజరు గారికి కోపం. చివరికి మేడ మీద చోటిచ్చారు, బకెట్ నీళ్ళతో ఇసుక కడిగి వెళ్ళమన్న షరతు మీద. న్యాయమే. ఆటోకు రానూపోనూ బేరమాడి, సాయంత్రం దాకా ఆగమని ముందే చెప్పాలి. చీకటి పడ్డాక బోర్డు పట్టుకుని బస్సెక్కడం నరకం.

బారువ నాకు ఎక్కువ నచ్చింది, కానీ ఎగరేయడానికి కాదు. సోంపేట స్టేషన్లో దిగి వెళ్ళొచ్చు. కొబ్బరి తోటలు, మహేంద్రతనయ కలిసే చోటు, ఎప్పుడో నీటమునిగిన చిల్కా ఓడ కథ. కానీ మేం వెళ్ళిన పొద్దున అలివి వల లాగుతున్నారు. రెండు కొసలూ ఒడ్డున, మధ్యంతా నీళ్ళలో. బోర్డు అడుగున ఉండే ఫిన్ (చిన్న రెక్క) తగిలితే నాకూ ప్రమాదమే, వాళ్ళ కష్టమూ పోతుంది. పైగా మార్చి అంటే తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, కైట్ పరిచి ఈడ్చే చోటు కాదు. వల లాగడంలో ఓ చెయ్యి వేశాం, గుప్పెడు మెత్తళ్ళు ఇచ్చారు.

మేం తిరిగిన రోజుల్లో ఈ తీరాల్లో కైట్ నేర్పేవాళ్ళు గానీ లైఫ్‌గార్డులు గానీ కనిపించలేదు. కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇక్కడ మొదలుపెట్టొద్దు. వచ్చినవాళ్ళు తీర రక్షక దళం నంబరు 1554, అంబులెన్స్ 108 ఒడ్డున ఉండే మనిషి ఫోన్లో వేసి పెట్టండి, మీ ఫోన్లో కాదు. నీళ్ళలో ఉండేది మీరే కదా. అక్టోబరు, నవంబరు ఊసే ఎత్తొద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస వైపు ఏం చేసిందో ఉద్దానం కొబ్బరి రైతుల్ని అడగండి.

చిరిగిన కైట్‌కు అతుకు వేయించాను. వచ్చే ఫిబ్రవరి చివర్లో మళ్ళీ కళింగపట్నమే. ఈసారి తాతకు చుట్టల కట్ట పట్టుకెళ్ళాలని మా బావమరిది ఇప్పటి నుంచే గుర్తుచేస్తున్నాడు.